ఏడాది ప్లాన్ కట్టే ముందు ఓటీటీ జాతకం చూడటం ఎలా

నా దగ్గర ఒక పాత డైరీ ఉంది. వెనక పేజీల నుంచి అందులో ఓటీటీల లెక్క రాస్తుంటాను. పేరు, కట్టిన తేదీ, అయిపోయే తేదీ, ఎవరి కార్డు, దేనికోసం తీసుకున్నాం: మొత్తం ఐదు గళ్ళు. ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ. ఈ డైరీ ఊరికే మొదలుపెట్టలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న సర్వీసుకి ఏడాది ప్లాన్ కట్టాను. నెలనెలా కడితే అయ్యేదాంట్లో సగమే అని పెద్ద అక్షరాలతో వేశారు. ముప్పై ఏళ్ళు అకౌంట్స్ చూసినవాణ్ణి, నేను కూడా ఆ 'సగం' చూసి పడిపోయాను. ఐదో నెలలో మెయిల్ వచ్చింది. "మా ప్రయాణంలో భాగమైనందుకు కృతజ్ఞతలు" అని మొదలైంది. ఇలా మొదలయ్యే మెయిల్ మంచి వార్త మోసుకొచ్చిన పాపాన పోలేదు. మూడో పేరాలో ఉంది అసలు సంగతి, నెలాఖరుకి దుకాణం మూసేస్తున్నారట. మా ఆవిడ అప్పుడు వారానికో ఎపిసోడ్ చొప్పున వచ్చే ఒక హత్య సిరీస్ చూస్తోంది. ఏడో ఎపిసోడ్ అయింది, ఎనిమిదోది రాలేదు. "మీ అకౌంట్స్ తెలివితేటలు ఇవేనా?" అంది. మిగిలిన ఏడు నెలల డబ్బు అడిగితే, మూడు మెయిళ్ళ తర్వాత ఇంకేదో సర్వీసు కూపన్ పంపారు. ఆ కూపన్ ఎప్పుడూ వాడలేదు, పంతం.

అప్పటినుంచి ఎక్కడ డబ్బు కట్టబోయినా ముందు ఒకటే ప్రశ్న వేసుకుంటాను. నేను కట్టే గడువు అయ్యేదాకా ఈ సర్వీసు ఉంటుందా?

అన్నీ ఉండవు. ఇది శాపం కాదు, లెక్క. ఒక సిరీస్ తీయడానికి 10 కోట్ల డాలర్లు అయిందనుకోండి. చూసేవాళ్ళు కోటి మంది అయినా, 30 కోట్ల మంది అయినా తీయడానికి అయ్యే ఖర్చు అంతే. కోటి మంది చందాదారులున్న సర్వీసుకి తలకి 10 డాలర్లు పడుతుంది. 30 కోట్ల మంది ఉన్నవాడికి తలకి 33 సెంట్లు. నెట్‌ఫ్లిక్స్ 2024 చివరికి 30 కోట్లు దాటింది. అలాంటివాడి పక్కన నిలబడి చిన్నవాడు కూడా అంతే ఖర్చుపెట్టి సిరీస్‌లు తీయాలంటే ఎవరో ఒకరు వెనక నుంచి డబ్బు పోస్తూ ఉండాలి. పైగా ఒకప్పటి కేబుల్ కనెక్షన్‌లా కాదు ఇది. రెండు నొక్కులతో వచ్చినవాడు రెండు నొక్కులతో పోతాడు. పోయినవాణ్ణి వెనక్కి తేవాలంటే మళ్ళీ కొత్త సిరీస్ తీయాలి, మళ్ళీ ప్రకటనలు వేయాలి.

పెద్దవాడికీ ఈ బెంగ తప్పలేదు. 2022 మొదటి మూడు నెలల్లో నెట్‌ఫ్లిక్స్ సుమారు 2 లక్షల మందిని, తర్వాతి మూడు నెలల్లో సుమారు 9.7 లక్షల మందిని పోగొట్టుకుంది. ఆ ఏడాది నవంబర్‌లోనే యాడ్స్ ఉండే చవక ప్లాన్ తెచ్చారు. మరుసటి ఏడాది పాస్‌వర్డ్ పంచుకునేవాళ్ళ మీద పడ్డారు. మా అల్లుడు అప్పటిదాకా నా అకౌంట్‌లోనే చూసేవాడు, ఆ తర్వాత సొంతంగా కట్టుకోవాల్సి వచ్చింది. నాకైతే సంతోషమే. నా పేరు మీద జాంబీ సినిమాలు సిఫార్సు చేయడం ఆగింది.

సరే, జాతకం చూసే పద్ధతికి వద్దాం.

ముందుగా, ఇది ఎవరి బిడ్డో చూడండి. యాప్ కింద సన్న అక్షరాల్లో కంపెనీ పేరు ఉంటుంది. ఆ కంపెనీకి వేరే సంపాదన ఉందా? అమెజాన్‌కి ప్రైమ్ వీడియో ఒక్కటే బతుకుతెరువు కాదు, ఆ వీడియోలు సరుకులు తెప్పించుకునే సభ్యత్వంతో పాటు వస్తాయి. ఆపిల్ ఫోన్లు అమ్ముకుంటుంది. డిస్నీకి పార్కులు, సినిమాలు, బొమ్మలు ఉన్నాయి. డిస్నీ ప్లస్ 2019 నవంబర్ 12న మొదలైతే ఒక్కరోజులో కోటి మంది చేరారు. అంత ఊపు ఉన్నా, 2022లో జులై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలల్లో డిస్నీ స్ట్రీమింగ్ వ్యాపారం నష్టం దాదాపు 147 కోట్ల డాలర్లు. స్ట్రీమింగ్ అంతా కలిపి లాభం ముఖం చూసింది 2024 ఏప్రిల్-జూన్‌లో, అదీ 4.7 కోట్ల డాలర్లు. అన్నేళ్ళు ఓర్చుకోవడానికి పుట్టింటివాళ్ళు గట్టిగా ఉండాలి.

పుట్టిల్లు లేని సర్వీసు ఎలా ఉంటుందో క్విబీ చూపించింది. 175 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. పది నిమిషాలు మించని ఎపిసోడ్లు, అవీ మొదట్లో ఫోన్‌లో మాత్రమే. 2020 ఏప్రిల్‌లో మొదలై డిసెంబర్ 1 నాటికి మూతపడింది. జనం అందరూ ఇళ్ళలో కూర్చుని ఏదో ఒకటి చూస్తున్న ఏడాది అది! అంత డబ్బున్నా పాత సరుకు లేదు. మొదటిరోజు వచ్చినవాడికి రెండో వారం చూపించడానికి గోదాములో ఏమీ లేదన్నమాట.

అలాగని పెద్ద పేరు చూసి నిశ్చింతగా ఉండకండి. ఆగ్నేయాసియాలో హూక్ అని ఒకటుండేది. దాని వెనక సింగపూర్ టెలిఫోన్ కంపెనీ సింగ్‌టెల్, సోనీ పిక్చర్స్, వార్నర్ బ్రదర్స్ మూడూ ఉన్నాయి. 2015లో పెట్టారు, 2020 ఏప్రిల్ 30న ఆగిపోయింది. ముగ్గురు తండ్రులున్న బిడ్డకి ఎవరూ తండ్రి కాకపోవచ్చు.

రెండో పరీక్ష నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఆ కంపెనీని ఎవరైనా కొంటున్నారా, అది ఇంకోదాంట్లో కలుస్తోందా అని వార్తల్లో వెతకండి. కంపెనీ పేరు పక్కన 'విలీనం' అని కొడితే చాలు. అమెరికా వార్తా చానెల్ సీఎన్ఎన్ వాళ్ళ ఓటీటీ సీఎన్ఎన్ ప్లస్ 2022 మార్చి 29న మొదలైంది. ఏప్రిల్ 8న వాళ్ళ మాతృసంస్థ వార్నర్‌మీడియా, డిస్కవరీ కలిసిపోయాయి. ఏప్రిల్ 28న సర్వీసు మూసేశారు. గట్టిగా నెల. కొత్త యజమాని వచ్చాక మొదట చేసేది పాత ఖర్చుల చీటీ విప్పడం. ఆ చీటీలో నష్టం పక్కన కనబడ్డ పేరు మీద గీత పడుతుంది. నేను అకౌంట్స్ చూసిన కంపెనీలోనూ ఒకసారి యాజమాన్యం మారింది, ఆ గీతలు గీసింది నేనే, కాబట్టి ఇది విని చెప్పడం లేదు. విలీనం వార్త నడుస్తున్నంతకాలం ఏడాది ప్లాన్ జోలికి వెళ్ళకండి. నెల ప్లాన్ చాలు.

అన్నీ చావవు, కొన్ని కలిసిపోతాయి, కొన్ని పేరు మార్చుకుంటాయి. హెచ్‌బీఓ మ్యాక్స్ 2023లో మ్యాక్స్ అయింది, 2025లో మళ్ళీ హెచ్‌బీఓ మ్యాక్స్ అయింది. నా డైరీలో ఆ గడిలో రెండు కొట్టివేతలున్నాయి. పేరు మారితే మనకి పోయేదేం లేదు. కలిసినప్పుడు మాత్రం జాగ్రత్త. అనిమే, అంటే జపాన్ కార్టూన్లు, చూపించే ఫ్యూనిమేషన్ 2024 ఏప్రిల్ 2న మూతపడి క్రంచీరోల్‌లో కలిసింది. డిస్కులు కొన్నవాళ్ళకి దాంతోపాటు వచ్చిన డిజిటల్ కాపీలు మాత్రం కొత్త ఇంటికి రాలేదు. చందాదారుడు మారాడు, అతని అలమారా మారలేదు. అందుకే యాప్‌లో 'కొనండి' అన్న బటన్ చూస్తే నేను 'అద్దెకు' అనే చదువుకుంటాను.

మూడోది, సరుకు సొంతమా, అద్దెదా? మీరు దేనికోసం కడుతున్నారో ఆ సినిమా వాళ్ళదేనా, లేక ఇంకో స్టూడియో దగ్గర రెండేళ్ళకి తెచ్చుకున్నదా? అద్దెది గడువు తీరగానే వెళ్ళిపోతుంది. సొంతదైతే ఉంటుందని నేనూ అనుకునేవాణ్ణి. 2022లో హెచ్‌బీఓ మ్యాక్స్ ఖర్చు తగ్గించుకోవడానికి తన సొంత సిరీస్‌లనే కొన్నిటిని యాప్‌లోంచి తీసేశాక ఆ నమ్మకం కూడా పోయింది.

చిన్నవన్నీ పోతాయని మాత్రం అనుకోకండి. అందరికీ అన్నీ చూపించాలని చూసే మధ్యరకం సర్వీసు గురించే నాకు భయం. ఒక్క రకం ప్రేక్షకుణ్ణి పట్టుకున్న చిన్నది గట్టిదే. కళాత్మక సినిమాలు చూపించే ముబీ 2007 నుంచి ఉంది. చాలాకాలం రోజుకో సినిమా చేర్చి, రోజుకో సినిమా తీసేసి, ఎప్పుడు చూసినా 30 సినిమాలే ఉంచేది. అంత చిన్న దుకాణానికి అద్దె తక్కువ, వచ్చేవాళ్ళు ఎక్కడికీ పోరు. నా అంచనా చెప్పమంటే, సొంత పేరుతో నిలిచే పెద్దవి నాలుగైదు, వాటి పక్కన ఇలాంటి చిన్నవి కొన్ని. మిగతావి పెద్దవాళ్ళ యాప్‌లో ఒక గదిగానో, ఇంకోదాంతో కలిపి అమ్మే ప్యాక్‌గానో బతుకుతాయి. 2024 జులైలో అమెరికాలో డిస్నీ ప్లస్, డిస్నీదే అయిన హులు, వార్నర్ వాళ్ళ మ్యాక్స్ కలిపి ఒకే ప్యాక్‌గా అమ్మారు. పోటీదారులు ఒకే బుట్టలో కూర్చున్నారంటే ఒంటరిగా నిలబడటం ఎంత కష్టమైందో చూడండి.

ఇక డబ్బు కట్టే పద్ధతి. మా ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేది ఒక్కటే. మిగతావి వంతులవారీగా వస్తాయి, నెలకొకటి. ఏడాది ప్లాన్ లాభమా కాదా అన్నది తేల్చడానికి ఏడాది ధరని నెల ధరతో భాగించండి. 8 వచ్చిందంటే ఎనిమిది నెలలు చూస్తేనే గిట్టుబాటు. ఇప్పుడు పోయిన ఏడాది నిజంగా ఎన్ని నెలలు చూశారో లెక్కపెట్టండి. నా డైరీలో ఎక్కువసార్లు ఐదు దాటలేదు. మనం చూస్తామనుకున్నదానికీ చూసినదానికీ చాలా తేడా ఉంటుంది.

వారానికో ఎపిసోడ్ వచ్చే సిరీస్ అయితే మొదటి వారమే కట్టకండి. ఎనిమిది ఎపిసోడ్లకి రెండు నెలలు సాగదీస్తారు, ఆ సాగదీత మన రెండో నెల డబ్బు కోసమే. ఏడోది వచ్చాక కట్టి, ఒక్క నెలలో అంతా చూసేయండి. ఆఫీసులో ఎవరైనా కథ చెప్పబోతే లేచి వెళ్ళిపోవడం మీ బాధ్యత. ఆటలకి ఈ ఉపాయం కుదరదు. అవి సీజన్ లెక్కన కట్టుకోవాల్సిందే, హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి పోయినేడు చూపించినవాడే ఈ ఏడూ చూపిస్తాడనుకోవద్దు.

కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. మామూలుగా కట్టిన గడువు అయ్యేదాకా సర్వీసు నడుస్తుంది. ఉచిత ట్రయల్ విషయంలో మాత్రం కొన్నిచోట్ల క్యాన్సిల్ నొక్కగానే అప్పటికప్పుడు ఆగిపోతుంది, నిబంధన చదివి నొక్కండి. క్యాన్సిల్ దారి కూడా తిన్నగా ఉండదు. ఈమధ్య నేనొకటి ఆపబోతే నాలుగు స్క్రీన్లు దాటాల్సి వచ్చింది. మొదటిది "వెళ్ళిపోతున్నారా?" అని దిగులుగా అడిగింది. రెండోది నేను సగంలో వదిలేసిన సినిమాల బొమ్మలు చూపించింది. మూడోది డిస్కౌంట్ ఇస్తానంది. నాలుగో దాంట్లో 'ఉంటాను' అన్న బటన్ రంగులో, 'ఆపేయండి' అన్నది తెల్లకాగితం మీద బూడిదరంగులో ఉంది. కళ్ళజోడు పెట్టుకుని నొక్కాను. ఆగిపోయిందని మెయిల్ వచ్చేదాకా ఆగినట్టు కాదు.

ఇంకో పొరపాటు మా అల్లుడు చేశాడు. "మామయ్యా, ఆ యాప్ ఎప్పుడో తీసేశాను కదా, ఇంకా డబ్బులు ఎందుకు కట్ అవుతున్నాయి?" అని ఎనిమిది నెలల తర్వాత అడిగాడు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు బాబూ. ఎక్కడ చేరారో అక్కడికే వెళ్ళి ఆపాలి. ఫోన్ యాప్ స్టోర్ ద్వారా చేరితే స్టోర్‌లో, వెబ్‌సైట్‌లో చేరితే వెబ్‌సైట్‌లో, ఇంటర్నెట్ ప్యాక్‌తో వస్తే ఆ కంపెనీ దగ్గర. నా డైరీలో 'ఎవరి కార్డు' గడి పక్కన 'ఎక్కడ చేరాం' అని ఆరో గడి చేరింది అప్పుడే.

ఇంత చేసినా ఏదో ఒకరోజు ఆ కృతజ్ఞతల మెయిల్ వస్తుంది. మూడో పేరాకి వెళ్ళి మూసే తేదీ చూడండి. రెన్యువల్ ఆన్‌లో ఉంటే ఆపండి. వాచ్‌లిస్ట్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఆ జాబితా ఇంకో సర్వీసుకి దానంతట అది రాదు. మిగిలిన డబ్బు సంగతి మెయిల్‌లోనే ఉంటుంది, లేకపోతే ఆరోజే రాసి అడగండి. మూసేశాక జవాబిచ్చే మనిషి కూడా ఉండడు. డౌన్‌లోడ్ చేసిపెట్టుకున్నానులే అని ధీమాగా ఉండకండి, సర్వీసు ఆగితే అవీ తెరుచుకోవు. ఇంకెక్కడా దొరకని వాటిని ముందు చూసేయండి, మిగతావి ఎక్కడో ఒకచోట తేలతాయి. క్విబీ తీసిన సిరీస్‌లని కూడా 2021 జనవరిలో రోకు అనే అమెరికా స్ట్రీమింగ్ కంపెనీ కొనుక్కుంది.

మా ఆవిడ హత్య సిరీస్ కూడా పోయిన నెల వేరే సర్వీసులో తేలింది, ఎనిమిదో ఎపిసోడ్‌తో సహా. ఒక్కటే కదా, చూసేయమన్నాను. "అంతా మర్చిపోయాను, మొదటినుంచి చూడాలి" అంది. ఒక్క నెలకే కట్టాను. డైరీలో 'దేనికోసం' అన్న గడిలో 'హంతకుడు' అని రాశాను.