అడ్మిన్ పట్టించుకోని గ్రూపులో బతకడం ఎలా

మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 94 మందిమి ఉన్నాం. 1987లో అమలాపురంలో పరీక్షలు రాసి తలో దిక్కూ పోయినవాళ్లం. గ్రూపు పెట్టినవాడు మస్కట్‌లో ఉంటాడు. వాడొక్కడే అడ్మిన్, నెలకోసారి కూడా తొంగిచూడడు. కంచె లేని చేనన్నమాట, ఎవరి మేక వచ్చినా మేసి పోతుంది.

ఈ గొడవలు నాకు కొత్త కాదు. 1993లో ఎమ్మెస్‌కని టెక్సాస్ వెళ్లినప్పుడు యూనివర్సిటీ ల్యాబులో యూజ్‌నెట్ అలవాటైంది, వాట్సాప్ పుట్టకముందు కంప్యూటర్ల మీద నడిచిన చర్చా గ్రూపులన్నమాట. వేల గ్రూపులు, చాలావాటికి కాపలాదారే లేడు. మన తెలుగువాళ్లకీ ఒకటుండేది, సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ గోంగూర దగ్గర్నుంచి ఛందస్సు దాకా వాదించుకునేవాళ్లం. అక్కడ తిట్టేవాణ్ణి బయటికి పంపే దారి లేదు. పోస్టులు చదవడానికి ఆర్‌ఎన్ అనే ప్రోగ్రాము వాడేవాళ్లం. అది రాసింది లారీ వాల్, పెర్ల్ అనే కంప్యూటర్ భాష తయారుచేసినాయనే. అందులో పెద్ద ‘కె’ నొక్కితే ఆ శీర్షికతో వచ్చే పోస్టులు ఇక మన కంట పడవు. కిల్ ఫైల్ అని, కనపడకూడనివాటి జాబితా ఒకటుండేది. అందులో ఒక మనిషి పేరు రాసుకుంటే ఆ మనిషే కనపడడు. వాడి మానాన వాడు రాసుకుంటూనే ఉంటాడు, మనకి మాత్రం లేనట్టే. ఇప్పటికీ నా పద్ధతి ఇదే: వాడి చెయ్యి ఆపలేను, నా కన్ను తిప్పుకోగలను.

చిక్కేమిటంటే వాట్సాప్‌లో ఆ ‘కె’ లేదు. మా గ్రూపులో ప్లాట్లు అమ్మేవాణ్ణి నేను బ్లాక్ చేశాను. పీడ విరగడైందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గ్రూపులో ‘రావులపాలెం హైవే ఫేసింగ్’ అంటూ మళ్లీ ప్రత్యక్షం! బ్లాక్ చేస్తే మనకి విడిగా మెసేజీ పంపలేరు, కాల్ చేయలేరు, అంతే. ఇద్దరూ ఉన్న గ్రూపులో మాత్రం వాళ్లు పెట్టేవి వస్తూనే ఉంటాయి. కాబట్టి బ్లాక్ మీద ఆశ పెట్టుకోకండి. గ్రూపుని మ్యూట్ చేసి ‘ఎల్లప్పుడూ’ ఎంచుకోండి. సెట్టింగుల్లో స్టోరేజీ, డేటా దగ్గరికెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్ తీసేయండి. సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది, ఫోన్లో చోటూ మిగులుతుంది.

మిగతా సగానికి మనుషులతోనే పని. అందరికీ ఒకటే మందు వేయకండి.

గుడ్ మార్నింగ్ పువ్వులు, దేవుడి బొమ్మలు పెట్టేవాళ్లని గ్రూపులో అందరి ముందూ ఏమీ అనొద్దు. ఫోన్ చేయండి. మెసేజీ కాదు, ఫోనే. మావాడొకడు రోజూ పొద్దున ఐదున్నరకి పది బొమ్మలు పంపేవాడు. ఒక ఆదివారం చేశాను.

“ఒరేయ్, ఆ బొమ్మలు కాస్త తగ్గించరా, అమెరికాలో ఉన్నవాళ్లకి అది భోజనాల వేళ” అన్నాను.

“తగ్గిస్తాలే గానీ, అస్సలు మానేస్తే మాత్రం నేను పోయాననుకుంటార్రా” అన్నాడు.

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అప్పట్నుంచి ఒక్క బొమ్మే వస్తోంది. ఈమధ్య రెండ్రోజులు రాకపోతే నేనే ఫోన్ చేశాను, జ్వరమట.

‘ఈ ఆకు నమిలితే షుగర్ మాయం’ లాంటివి పెట్టేవాళ్లు వేరే. మెసేజీ మీద రెండు బాణాలు, ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేశారు’ అని కనిపిస్తే అది మనవాడు రాసింది కాదు. అలాంటిది ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ కట్టడి పెట్టింది, అయినా వస్తూనే ఉంటాయి. మందు మానేసే ప్రమాదముంటేనే నోరు విప్పుతాను, అదీ ఒక్క వాక్యం: ‘డాక్టర్ని అడక్కుండా ట్యాబ్లెట్ ఆపకండి.’ ఫార్వర్డ్ చేసినవాడి పేరెత్తను.

ఇక అసలు బాధ, గిల్లేవాడు. పార్టీ, కులం, సినిమా హీరో, ఏదో ఒకటి పట్టుకుని వస్తాడు. వాడికి కావలసింది జవాబు. ఏం జవాబన్నది వాడికి అనవసరం. 1994 ప్రాంతంలో యూజ్‌నెట్‌లో సెర్దార్ ఆర్గిక్ అనే పేరుతో ఒకటి తిరిగేది. ఎవరి పోస్టులోనైనా టర్కీ అన్న మాట కనిపిస్తే చాలు, అక్కడ వాలి టర్కీ దేశం చరిత్ర మీద బారెడు వాదన దింపేది. థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి ఎలా వండాలని అడిగినా అంతే. అది పోస్టుల్ని వెతికి జవాబులిచ్చే ప్రోగ్రామని జనం అనుకునేవాళ్లు. తెలియక దాంతో నేనూ రెండు రోజులు వాదించాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

అయినా బుద్ధి రాలేదు. మొన్న ఎన్నికలప్పుడు గ్రూపులో ఒకడు ఏదో అంటే ‘తెలియకపోతే ఊరుకోరా’ అని పెట్టాను. తెల్లారి చూస్తే 140 మెసేజీలు, ముగ్గురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. వాడు పెట్టింది ఒక్కటే, మిగతావన్నీ మావే. అప్పుడర్థమైంది, పట్టుకోవలసింది గిల్లేవాణ్ణి కాదు, గిల్లితే అరిచేవాళ్లని. అలాంటివాళ్లు ఏ గ్రూపులోనైనా నలుగురో ఐదుగురో ఉంటారు. మా గ్రూపులో ఆ ఐదుగురికీ విడివిడిగా ఫోన్లు చేసి ‘రెండ్రోజులు ఎవరూ పలకొద్దు, బొటనవేలు బొమ్మ కూడా వద్దు’ అని మాట తీసుకున్నాను. కోపం బొమ్మ పెట్టినా వాడికది జవాబే మరి. మౌనంగా ఉండడమంటే గ్రూపుని పాడుబెట్టడం కాదు, వేరే సంగతి ఎత్తుకోవాలి. మా హెడ్‌మాస్టారితో దిగిన గ్రూప్ ఫొటో ఒకటి దొరికితే పెట్టాను. ‘రెండో వరసలో చొక్కా గుండీ లేనిది ఎవడ్రా’ అని మొదలై సాయంత్రం దాకా నడిచింది. ఎన్నికల మాట ఎక్కడో పైకి పోయింది.

‘ఛీ, ఈ గ్రూపు వదిలేస్తున్నా’ అని ప్రకటించి వెళ్లడం మాత్రం చేయొద్దు. యూజ్‌నెట్‌లోనూ కిల్ ఫైల్‌లో వేసేముందు ‘ప్లాంక్’ అని పోస్టు పెట్టి మరీ వేసేవాళ్లుండేవారు, వాడు డబ్బా అడుగున పడిన చప్పుడట! ఆ చప్పుడే మళ్లీ నలభై పోస్టులకి దారి. వెళ్లదలిస్తే గుట్టుగా వెళ్లండి. 2022 నుంచి మనం వెళ్లినట్టు కబురు అడ్మిన్లకే వెళుతుంది.

అమ్మకాలవాళ్ల సంగతికొస్తే, 1994 ఏప్రిల్ 12న అమెరికాలో లాయర్లైన ఒక భార్యాభర్తల జంట గ్రీన్ కార్డు లాటరీ ప్రకటనని వేల గ్రూపుల్లో ఒకేసారి గుమ్మరించింది. గ్రీన్ కార్డంటే మావాళ్లలో కొందరికి ప్రాణం లేచొచ్చింది, మిగతా జనం మండిపడ్డారు. గ్రూపుల్లో ఎంత తిట్టినా వాళ్లు చలించలేదు. వాళ్లకి ఇంటర్నెట్ ఇచ్చిన కంపెనీ మీదికి ఫిర్యాదుల మెయిళ్లు వెల్లువెత్తి, దాని కంప్యూటర్లు కూలబడ్డాక ఆ కంపెనీయే వాళ్ల ఖాతా తీసేసింది. కాబట్టి తెలియని నంబరు నుంచి పెట్టుబడి, లోను అంటూ వస్తే గ్రూపులో తిట్లకి దిగకండి, ఆ నంబరుని వాట్సాప్‌కే రిపోర్ట్ చేయండి.

తెలిసినవాడి నంబరు నుంచి పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే మాత్రం ఆలస్యం పనికిరాదు. తెరవకండి. ఆ మనిషికి మామూలు ఫోన్ చేయండి, వాడి వాట్సాప్ దొంగల చేతిలో పడి ఉండొచ్చు. గ్రూపులో ‘ఎవరూ నొక్కకండి’ అని వెంటనే పెట్టండి. ఇక్కడ మౌనం కుదరదు. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయమనండి.

ఇలాంటిది వచ్చినప్పుడే అడ్మిన్ లేని లోటు తెలుస్తుంది. ఆ మెసేజీని గ్రూపులో అందరికీ కనపడకుండా తీసేయగలిగేది పెట్టినవాడు, లేదా అడ్మిన్. మస్కట్‌వాణ్ణి పట్టుకుని ‘నువ్వు చూడకపోతే పోనీ, ఇంకో ఇద్దర్ని అడ్మిన్లు చెయ్యరా బాబూ’ అని మూడు వారాలు వెంటపడ్డాను. చేశాడు. ఒకావిడ టీచరు, ఒకడు ఎవరి జట్టులోనూ లేనివాడు. గొడవ ముదిరిన రాత్రి అడ్మిన్లే మెసేజీలు పంపేలా సెట్టింగు మార్చి పొద్దున్నే తెరుస్తారు. మనిషిని తీసేయడం దాకా వెళ్లలేదు. మావైపు గ్రూపులోంచి తీసేస్తే పెళ్లి పిలుపులు కూడా ఆగిపోతాయి.

ప్లాట్లవాడు మాత్రం మారలేదు. మొన్న గురువారం కూడా ‘ఆఖరి నాలుగు ప్లాట్లు’ అని పెట్టాడు. ఎవరూ పలకలేదు. గంట తర్వాత టీచరుగారు ‘మన సైన్స్ మాస్టారు రాజమండ్రిలో ఆస్పత్రిలో ఉన్నారట, దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?’ అని అడిగారు. మొదటి జవాబు వాడిదే: ‘నేను ఊళ్లోనే ఉన్నా, వార్డు నంబరు చెప్పండి.’