వేడి చేసిందిలే అనుకునే ముందు

ఫిబ్రవరి దాటితే చాలు, తిరుపతిలో ఎవరికి ఏమొచ్చినా ఒకటే మాట: వేడి చేసింది. మూత్రంలో మంట, నోటిపూత, మలబద్ధకం, చివరికి దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడినా అదే మాట. సబ్జా గింజలు నానబెట్టుకుంటాం, మజ్జిగ తాగుతాం, నాలుగు రోజులు కోడికూర మానేస్తాం. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. పెద్దపేగు కేన్సర్‌లో రక్తం రోజూ పడాలనేం లేదు. వారం పడి, నెల ఆగి, మళ్లీ పడొచ్చు. ఆగిన ఆ నెలను మనం సబ్జా గింజల ఖాతాలో రాసేస్తాం.

మా చిన్నమామది చిత్తూరు దగ్గర పల్లె. మామిడి తోట ఉంది. రక్తం కనబడుతోందని అత్తతో చెప్పినప్పుడు ఆయనకు 47 ఏళ్లు. ‘తోతాపురి కోతలు అయిపోనీ, చూపించుకుంటాలే’ అన్నాడు. కోతలయ్యాక గోడ మీద ‘ఆపరేషన్ లేకుండా మొలలు మాయం’ అని రాసి ఉంటే ఆ మనిషి దగ్గరికి వెళ్లాడు. ఎనిమిది నెలలు పొడి తిన్నాడు. ఆ ఎనిమిది నెలల్లో ఆయన్ను పడుకోబెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. తోటలో బుట్ట ఎత్తితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7. తర్వాత సర్జన్ గ్లవ్ వేసుకుని వేలితో ఒక్క నిమిషం పరీక్షించాడు, గడ్డ వేలికే తగిలింది.

ఆ ఒక్క నిమిషానికే మనకు సిగ్గు. మలాశయం (పెద్దపేగు చివరి భాగం) కింది వైపు ఉన్న గడ్డలు చాలావరకు వేలికి అందుతాయి. రక్తం పడుతోందని చెప్పాక కూడా, పరీక్ష చేయకుండా మొలలకు మందు రాసిస్తే, ‘ఒకసారి పరీక్ష చేసి చూడండి సార్’ అని మనమే అడగాలి.

మొలల్లో రక్తం సాధారణంగా ఎర్రగా, మలం వచ్చాక చుక్కలుగా పడుతుంది, నొప్పి అంతగా ఉండదు. బ్లేడుతో కోసినట్టు మండితే చాలామటుకు ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చీలిక. రక్తం మలంలో కలిసిపోయి వస్తున్నా, జిగటతో వస్తున్నా, వెళ్లొచ్చిన ఐదు నిమిషాలకే ఇంకా ఉన్నట్టు అనిపించి మళ్లీ పరిగెత్తాల్సి వస్తున్నా అనుమానం పెరగాలి. అయితే ఈ తేడాలు పట్టుకుని ఇంట్లోనే తీర్పు చెప్పుకోవద్దు. మొలలున్న మనిషికి కేన్సర్ రాకూడదని ఎక్కడా లేదు.

ఏళ్ల తరబడి ఒక పద్ధతిలో ఉన్న కడుపు ఉన్నట్టుండి మారి, మూడు వారాలైనా దారికి రాకపోతే అదీ సూచనే. కొన్నాళ్లు బిగుసుకోవడం, కొన్నాళ్లు విరేచనాలు, మలం సన్నగా రావడం, తిండి మానకపోయినా బరువు తగ్గడం ఇలాంటివే. కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోక, వాంతులవుతుంటే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పేగు కుడి వైపు గడ్డ మరీ మోసకారి. రక్తం కంటికి కనబడదు, నీరసం మాత్రమే ఉంటుంది. మగవాళ్లకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు ఐరన్ లోపంతో రక్తం తగ్గిందంటే, ఆ రక్తం ఎటు పోతోందో వెతకాలి. మాత్రలిచ్చి పంపేస్తే సగం వైద్యమే. (ఐరన్ మాత్రలకు మలం నల్లబడుతుంది, బీట్‌రూట్‌కు ఎర్రబడుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. మాత్రలేవీ లేకుండానే తారులా నల్లగా వస్తే మాత్రం ఆగొద్దు.)

పెద్దపేగు దాదాపు మీటరున్నర ఉంటుంది. దాని లోపలి గోడ మీద పులిపిరిలా మొలిచేదాన్ని పాలిప్ అంటారు. అన్నీ కేన్సర్ కావు. అయ్యేవాటికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. కొలనోస్కోపీలో (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) పాలిప్ కనబడితే చాలావరకు అప్పుడే తీసేస్తారు. కేన్సర్‌ను రాకముందే ఆపే వీలు ఉన్న కొద్ది రకాల్లో ఇదొకటి.

తిండి సంగతి పొడుగ్గా చెప్పను. రాగి సంగటి, ఆకుకూరలు మంచివే. జాతరకు తిన్న వేటకూరతో ఏమీ కాదు, అది రోజూ అయితేనే తంటా. సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2015లోనే కేన్సర్ కారకాల్లో చేర్చింది. సిగరెట్, మందు, పొట్ట, కదలకుండా కూర్చోవడం మిగతా పని చేస్తాయి.

తిరుపతిలో స్విమ్స్, రుయా ఆస్పత్రులు ఉన్నాయి. అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్ సాయంతో వచ్చిన కేన్సర్ ఆస్పత్రి 2022లో మొదలైంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి దగ్గర పడుతుంది. ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద ఏదేది వస్తుందో ఆస్పత్రిలో ఆ పథకం చూసేవాళ్లను ముందే అడగండి.

కొలనోస్కోపీ కంటే ముందురోజే కష్టం. రెండు మూడు రోజుల ముందు నుంచి గింజలున్న కాయలు, ఆకుకూరలు, సంగటి మానాలి. ముందురోజు తేటగా ఉండే ద్రవాలే తాగాలి. పౌడర్ కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగిస్తారు, బాత్రూం దగ్గర్లో ఉండాల్సిందే. పేగు శుభ్రం కాకపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఐరన్ మాత్రలు, రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి కావాలి, ఆ రోజు బండి నడపకూడదు.

తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ కేన్సర్ వచ్చి ఉంటే లెక్క వేరు. 40 ఏళ్లకు గానీ, వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. మామకు బయటపడింది 48లో. ఆయన పెద్దకొడుక్కి ఇప్పుడు 38. కోతలు మొదలుకాకముందే, ఏప్రిల్‌లోనే తీసుకెళ్తున్నాం.