ప్రెయిరీ చేలలో పొలం ప్రయోగాలు – 3వ పాఠం: పట్టీలు వేయడం, తూచడం, తేడాను లెక్కించడం

శరదృతువు చివర నేల చల్లబడిన తరువాత 6 అంగుళాల లోతు వరకు ఒక నమూనా, అక్కడి నుంచి 24 అంగుళాల వరకు మరొక నమూనా తీసి, నైట్రేట్ రూపంలోని నత్రజనిని తెలుసుకొనే విధానాన్ని గత పాఠంలో చూశాము. ఆ పరీక్ష నేలలో ఎంత ఉన్నదో చెబుతుంది. ఇంకొంత వేస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో మాత్రం ఆ చేనులో వేసి చూస్తేనే తెలుస్తుంది.

కెనడాలో ప్రెయిరీ అనే గడ్డిమైదానాల ప్రాంతానికి చెందిన సస్కాచెవాన్‌లో నల్లనేల మండలంలోని ఒక గోధుమ చేనును తీసుకుందాము. అక్కడ క్వార్టర్ సెక్షన్ అంటే 160 ఎకరాలు, ఒక్కొక్క వైపు అర మైలు. దారిలో వెళ్లేవారికి బల్లపరుపుగా కనిపించే ఈ నేల నిజానికి హిమానీనదాలు వదిలిపోయిన మేటలతో ఏర్పడినది కాబట్టి, చాలాచోట్ల మిట్టపల్లాలతో నిండి ఉంటుంది. దశాబ్దాల దుక్కి వల్ల, గాలి కోత వల్ల మిట్టల మీద పైమట్టి పలచబడి సేంద్రియ పదార్థం తగ్గింది. మంచు కరిగిన నీరు పల్లాలకు చేరుతుంది. కొన్ని పల్లాల అంచులు చౌడుబారి ఉంటాయి. ఇటువంటి చేనులో సగానికి పాత మోతాదు, సగానికి కొత్త మోతాదు వేసి పోల్చడం చాలామంది చేసే పని, కానీ దానివల్ల తేలేది ఏమీ ఉండదు. వచ్చిన తేడా ఎరువుదా, నేలదా అన్నది ఎవరూ విడదీయలేరు.

అందుచేత పొడవైన పట్టీలు వేయాలి. ప్రతి పట్టీ మిట్టను, వాలును, పల్లాన్ని దాటుకుంటూ సాగేలా దిశను ఎంచుకుంటే, నేలలోని హెచ్చుతగ్గులు అన్ని పట్టీలకూ దాదాపు సమానంగా పంచబడతాయి. విత్తే యంత్రం వెడల్పు 60 అడుగులు, కంబైన్ కోత వెడల్పు 40 అడుగులు అనుకుంటే, పట్టీ మధ్యలోని 40 అడుగులు మాత్రమే కోసి తూచి, ఇరువైపులా పదేసి అడుగులను లెక్కలో చేర్చకుండా విడిచిపెట్టాలి. యంత్రం మలుపు తిరిగే చేను కొసలను కూడా ప్రయోగంలో కలపకూడదు.

ఎకరానికి 60 పౌండ్ల నత్రజని, 90 పౌండ్ల నత్రజని అనే రెండు మోతాదులను పోల్చదలచామనుకుందాము. పక్కపక్కన రెండు పట్టీలు ఒక జత. అటువంటి జతలు కనీసం నాలుగు కావాలి. ఏ జతలో ఏ మోతాదు ఎడమకు రావాలో చీటీ వేసి నిర్ణయించాలి. ప్రతిసారీ ఎడమకు 60, కుడికి 90 వేస్తే, తేమ ఒక వైపు నుంచి మరొక వైపుకు క్రమంగా పెరిగే చేనులో ఆ పెరుగుదల కూడా 90 పౌండ్ల ఖాతాలో చేరిపోతుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1919 నుంచి పనిచేసిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఈ చీటీ పద్ధతికి గణిత పునాది వేశాడు. మన వ్యవసాయ కళాశాలల్లో చిన్న మడులతో ప్రయోగాలు చేసినవారికి ఈ సూత్రం కొత్త కాదు. ఇక్కడ మడి అర మైలు పొడవు ఉంటుంది, అంతే.

మోతాదు తప్ప మిగిలినవన్నీ ఒకేలా ఉండాలనే నియమాన్ని పాటించడం కనిపించినంత సులభం కాదు. 60 పౌండ్లను యూరియాగా ఇచ్చి, అదనపు 30 పౌండ్లను అమ్మోనియం సల్ఫేట్‌గా ఇస్తే, నత్రజనితో పాటు గంధకం కూడా పెరిగిపోతుంది. అల్బర్టా రాష్ట్రంలోని ఎడ్మంటన్‌కు నైరుతిలో, అల్బర్టా విశ్వవిద్యాలయం 1929లో ప్రారంభించిన బ్రెటన్ మడులు అడవి కింద ఏర్పడిన బూడిదరంగు నేలల్లో గంధకం కొరతను స్పష్టంగా చూపాయి. అటువంటి నేలలో, ముఖ్యంగా గంధకం ఎక్కువగా కోరే కనోలా (ఆవాల జాతి నూనెగింజ) పైరులో, ఈ పొరపాటు ప్రయోగాన్ని పూర్తిగా చెడగొడుతుంది.

ఇక కోత. కంబైన్‌లోని దిగుబడి సూచికను పటం గీయడానికి వాడవచ్చు, కానీ తీర్పుకు తూనిక ఉన్న ధాన్యపు బండే మేలు. 40 అడుగుల వెడల్పు, 2,178 అడుగుల పొడవు కోస్తే సరిగ్గా 2 ఎకరాలు. అందులో 16 శాతం తేమతో 5,700 పౌండ్ల గోధుమ వచ్చిందనుకోండి. కెనడాలో గోధుమకు 14.5 శాతం తేమ ప్రమాణం కాబట్టి 5,700ను 84తో (100లోంచి 16 పోగా) గుణించి 85.5తో (100లోంచి 14.5 పోగా) భాగిస్తే 5,600 పౌండ్లు. బుషెల్‌కు 60 పౌండ్ల చొప్పున ఎకరానికి సుమారు 46.7 బుషెళ్లు. తేమ సవరణ లేకుండా పట్టీలను పోల్చడం తగదు. ఎక్కువ నత్రజని అందిన పైరు తరచుగా ఆలస్యంగా పండుతుంది, కోతనాటికి దాని గింజలో తేమ ఎక్కువగా ఉండవచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. అభ్యాసం కోసం ఊహించిన రెండు చేలు చూడండి. మొదటి చేనులో నాలుగు జతల తేడాలు (90 పౌండ్ల పట్టీ దిగుబడిలోంచి 60 పౌండ్ల పట్టీ దిగుబడిని తీసివేస్తే వచ్చేవి) ఎకరానికి 3, 5, –1, 5 బుషెళ్లు. రెండవ చేనులో 3, 4, 2, 3. రెండింటికీ సగటు 3. మొదటి దానిలో సగటు నుంచి ఒక్కొక్కటి ఎంత తొలగిందో వర్గం చేసి కూడితే 24. దానిని జతల సంఖ్యకు ఒకటి తక్కువైన 3తో భాగిస్తే 8. మళ్లీ జతల సంఖ్య 4తో భాగిస్తే 2. దాని వర్గమూలం 1.41. నాలుగు జతలు ఉన్నప్పుడు, 95 శాతం నమ్మకానికి దీనిని 3.18తో గుణించాలి. వచ్చేది 4.5. అంటే నిజమైన తేడా –1.5 నుంచి 7.5 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఎరువు పనిచేసిందని చెప్పే అధికారం మనకు లేదు. రెండవ చేనులో ఇదే లెక్క 1.3 ఇస్తుంది, తేడా 1.7, 4.3ల మధ్య ఉంటుంది, సున్నా ఆ హద్దులలో లేదు. సగటును మాత్రమే చూసేవారికి ఈ రెండు చేలూ ఒకటే.

ఒక్క ఏడాది ఫలితంతో మోతాదు మార్చమని నేను సలహా ఇవ్వను. ప్రెయిరీలో చాలా ఏళ్లు దిగుబడిని నిర్ణయించేది నీరే. 2021 వంటి కరువు ఏడాదిలో అదనపు నత్రజని ప్రభావం కనిపించకపోవడం సహజం.

అభ్యాసం: కనోలా చేనులో నాలుగు జతల తేడాలు 1, 4, 2, 1 బుషెళ్లు. సగటును, దాని హద్దులను లెక్కించండి. ఆ హద్దులలో సున్నా పడుతుందో లేదో చూడండి. జవాబుతో మొదలుపెట్టి, అదనపు 30 పౌండ్ల ఖర్చు రాబడికి సరిపోతుందో లేదో వచ్చే పాఠంలో చూద్దాము.