గోదావరి డెల్టాలో ఇంటి కంప్యూటరుతో మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ

కోనసీమ కొబ్బరి తోటలను తుపాను నేలకూల్చిన 1996లోనే, అమెరికాలో జార్జ్ వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోసం గింప్స్ అనే సామూహిక అన్వేషణను ప్రారంభించారు. అప్పటి నుంచి వేలాది మంది ఔత్సాహికులు తమ కంప్యూటర్లలో ఖాళీగా ఉన్న శక్తిని ఇందుకు ఇస్తున్నారు. అమలాపురంలోనో భీమవరంలోనో కూర్చుని ఈ పనిలో చేరదలచినవారు పాటించవలసిన పద్ధతి ఇది.

ముందుగా పని స్వరూపం తెలుసుకోవాలి. 2ను ఒక ప్రధాన సంఖ్య ఘాతానికి హెచ్చించి, దానిలో నుంచి 1 తీసివేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కావచ్చు, కాకపోవచ్చు. ఘాతాంకం 11 అయితే 2047 వస్తుంది. అది 23ను 89తో గుణిస్తే వచ్చేదే కనుక ప్రధాన సంఖ్య కాదు. పరీక్షలో నిలిచి ప్రధాన సంఖ్యలని తేలినవాటినే మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు; అవి ఇంతవరకు 52 మాత్రమే తెలుసు. వాటిలో అతి పెద్దదాన్ని 2024 అక్టోబరులో ల్యూక్ డురాంట్ కనుగొన్నారు. దాని ఘాతాంకం 13,62,79,841, అంకెలు 4,10,24,320. అది దొరికింది ఇంటి కంప్యూటరులో కాదు, డబ్లిన్‌లోని ఒక డేటా సెంటర్‌లో ఉన్న జీపీయూ అనే గ్రాఫిక్స్ ప్రాసెసరులో. కాబట్టి కొత్తది కనుగొంటే వచ్చే బహుమతి మీద ఆశతో కాక, లెక్క మీది ఇష్టంతో చేరడమే మేలని నా అభిప్రాయం.

విండోస్‌లో అయితే ప్రైమ్95, లినక్స్‌లో అయితే ఎంప్రైమ్ అనే ఉచిత ప్రోగ్రామును గింప్స్ సైటు నుంచి దించుకోవాలి. ఖాతా తెరిచి ఆ పేరును ప్రోగ్రాములో ఇస్తే, ప్రైమ్‌నెట్ అనే సర్వరు మీ యంత్రానికి తగిన ఘాతాంకాన్ని కేటాయిస్తుంది. కాలేజీ ల్యాబు కంప్యూటర్లయితే ముందు అధికారుల అనుమతి తప్పనిసరి. కలిసి పనిచేసేవారు అదే సైటులో ఒక జట్టుగా నమోదు కావచ్చు.

సంఖ్య చేతికి రాగానే పని మొదలుపెట్టకుండా, ప్రోగ్రాములోనే ఉన్న టార్చర్ టెస్టును ఒక రాత్రంతా నడపండి. జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి, యంత్రం తప్పు చేస్తుందేమో అది చూస్తుంది. మన ప్రాంతంలో ఈ మెట్టును దాటవేయకూడదు. మే నెల ఉక్కపోతలో ప్రాసెసరు త్వరగా వేడెక్కుతుంది; నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఫ్యాను చుట్టూ తుప్పు, ప్రాసెసరు వేడిని లాగే హీట్ సింక్ రేకుల సందుల్లో తడి దుమ్ము పేరుకుంటాయి. బ్రష్షుతో ఆ దుమ్ము దులపండి. అప్పటికీ వేడి తగ్గకపోతే, ప్రోగ్రాముకు తక్కువ కోర్లు (ప్రాసెసరులో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) కేటాయించండి. సంఖ్య ప్రధానమయ్యే అవకాశం ఉందో లేదో తేల్చడానికి ఇప్పుడు వాడుతున్న పీఆర్‌పీ పరీక్షలో రాబర్ట్ గెర్బిక్జ్ కనిపెట్టిన తప్పుల తనిఖీ ఉంది; లెక్క దారి తప్పితే అది గుర్తించి వెనక్కి వెళ్లి మళ్లీ చేస్తుంది. అయినా వేడెక్కిన యంత్రం మాటిమాటికీ వెనక్కి వెళుతుంటే కాలమూ కరెంటూ వృథా.

కరెంటు లెక్క కూడా ముందే వేసుకోవాలి. వంద వాట్లు తీసుకునే డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు అదనంగా కాలుతుంది. వాడకం పెరిగి పై శ్లాబులోకి వెళితే, ఆ అదనపు యూనిట్లు ఇంకా ఎక్కువ ధర పడతాయి. అందుకే రాత్రి వేళ చల్లదనంలో మాత్రమే నడపడం మన ఇళ్లకు అనువైన పద్ధతి.

కరెంటు పోతుందని భయపడనక్కరలేదు. ప్రోగ్రాము మామూలుగా ప్రతి 30 నిమిషాలకు పనిని డిస్కులో భద్రపరుస్తుంది కనుక, తిరిగి కరెంటు వచ్చినప్పుడు దాదాపు ఆగినచోటి నుంచే సాగుతుంది. ఇన్వర్టరు మీద మాత్రం నడపకండి. ఆ బ్యాటరీ ఇంట్లో లైట్లకు, ఫ్యాన్లకు కావాలి. పరీక్ష జరిగినంత కాలం రుజువు ఫైలు తయారీకి డిస్కులో కొన్ని జీబీల ఖాళీ ఉంచాలి. ఆ రుజువును సర్వరుకు పంపితే, మరొకరు అదే సంఖ్యను మొదటి నుంచీ పరీక్షించే అవసరం తప్పుతుంది.

మామూలు డెస్క్‌టాప్‌కు ఒక సంఖ్య పూర్తికావడానికి రోజుల నుంచి వారాల వరకు పడుతుంది, రాత్రిళ్లే నడిపితే ఇంకా ఎక్కువ. మధ్యలో మానుకోవలసి వస్తే, తుపాను హెచ్చరికతో యంత్రాన్ని సర్దేయవలసి వచ్చినా సరే, ముందుగా ఆ సంఖ్యను ప్రోగ్రాములోని అన్‌రిజర్వ్ ఆదేశంతో తిరిగి ఇచ్చేయండి. అప్పుడు సర్వరు దాన్ని మరొకరికి కేటాయిస్తుంది.