18 నిండిన బిడ్డకు గార్డియన్ కాగితం

బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ ఎంత ఎదిగినా అమ్మకి పసివాడే. చట్టానికి మాత్రం 18 నిండితే మేజరు, అతని తరఫున కన్నవాళ్లు పెట్టే సంతకం ఇక చెల్లదు. బ్యాంకులోనో, తాతగారి పొలం పంపకాల్లోనో ఈ సంగతి బయటపడి అప్పుడు పరుగులు మొదలవుతాయి. అందుకే 18వ పుట్టినరోజు రాగానే గార్డియన్ కాగితం, అంటే అతని తరఫున చట్టబద్ధంగా సంతకం పెట్టే హక్కు ఇచ్చే కాగితం, కోసం పని మొదలుపెట్టండి.

దీనికి కోర్టుకు వెళ్లక్కర్లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీయే గార్డియన్‌ను నియమిస్తుంది. మేధో వైకల్యం (బుద్ధిమాంద్యం), ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికే ఇది వర్తిస్తుంది.

ముందు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం లేదా యూడీఐడీ సర్టిఫికెట్ చూసుకోండి. చిన్నప్పటిది గడువు దాటి ఉంటే 18 తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. ఇక మన దగ్గర ఎక్కువగా దెబ్బతీసేది ఇంటిపేరు. ఆధార్‌లో ‘కె. రమేష్’, సర్టిఫికెట్‌లో ‘కొండపల్లి రమేష్’, పాస్‌బుక్‌లో ‘రమేష్ కె’ ఉంటే ఫైలు కదలదు. అప్లికేషన్‌కి ముందే ఆధార్ సరిచేయించి, మిగతావి దాని ప్రకారం మార్పించండి.

తర్వాత గార్డియన్ కోసం కమిటీకి పెట్టే అప్లికేషన్, ఫారం ‘ఎ’. తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి పెట్టుకోవచ్చు. ఒకరు పోయి ఉంటే మరణ ధ్రువపత్రం జతచేసి రెండోవారు పెట్టుకోవాలి. మేజరైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల నుంచి ‘అభ్యంతరం లేదు’ అని రాయించుకుంటే తర్వాత ఆస్తి గొడవలు తగ్గుతాయి.

కమిటీ రెండు విషయాలు తేల్చుకుంటుంది: ఇతనికి గార్డియన్ అవసరమా, అయితే ఏ పనులకు? కాబట్టి ‘అన్నిటికీ’ అని రాయకండి. బ్యాంకు, వైద్యం, ఆస్తి అని విడివిడిగా రాయండి. విచారణలో అబ్బాయిని అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పొద్దు. పది రూపాయల నోటు గుర్తుపడతాడో లేదో వాళ్లే చూడాలి.

కాగితం చేతికొచ్చాక చాలామంది బీరువాలో పెట్టేసి మరిచిపోతారు. నియామకమైన 6 నెలల్లోగా అతని ఆస్తుల, అప్పుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక 3 నెలల్లోగా, అంటే జూన్ ఆఖరుకల్లా, లెక్కలు చూపాలి. పింఛను తప్ప ఏమీ లేకపోయినా ఆ ఒక్క ముక్కే రాసివ్వండి.

ఇదే ఊపులో నేషనల్ ట్రస్ట్ వారి ఆరోగ్య బీమా, నిరామయ, కట్టేయండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, వయోపరిమితి లేదు. చేరడానికి దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి 250, మిగతావారికి 500 రూపాయలు. ముందు మనం ఖర్చుపెట్టి తర్వాత రాబట్టుకునే పద్ధతి ఇది. అందుకే థెరపీ బిల్లుల ఒరిజినల్స్ దాచండి. మార్చి 31 దాటితే పాలసీ ఆగిపోతుంది. రెన్యువల్ మరిచిపోవడమే మామూలుగా జరిగే పొరపాటు.

చివరిగా, ఫైలులో ఓ నోటుబుక్కు పెట్టండి. మూర్ఛ మందు పేరు, మోతాదు, వేళ. బాత్రూం గడియ లోపల పెట్టుకుంటే తీసుకోగలడా. కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుంటాడా. అన్నంలో పెరుగు ముందా, పప్పు ముందా. మీరు ఆసుపత్రిలో ఉన్న రోజున పిన్నిగారో, వదినగారో ఆ పుస్తకం పట్టుకునే ఇల్లు నడపాలి. రాశాక, మీరు ఇంట్లో ఉండగానే ఒక పూట వాళ్లకి అప్పజెప్పి చూడండి. రాయడం మరిచినవన్నీ ఆ పూటే తెలుస్తాయి.