పాత జాగ్వార్ ఎక్స్‌జేఆర్ కొనే ముందు జాగ్రత్తలు

బ్రిటన్‌లో 1997–2003 నాటి సూపర్‌ఛార్జ్డ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉన్న జాగ్వార్ ఎక్స్‌జేఆర్ కారు చూడ్డానికి వెళ్తున్నారా, ఇంజిన్ చల్లగా ఉండగానే మీ ముందే స్టార్ట్ చేయాలని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, వెళ్లేసరికి వేడెక్కించి ఉంచితే వచ్చేయండి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ కాగానే ముందువైపు గలగలమంటే టైమింగ్ చైన్ (వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే గొలుసు) టెన్షనర్ల మీద, అంటే దాన్ని బిగువుగా ఉంచే భాగాల మీద, అనుమానపడాలి. పాతవి ప్లాస్టిక్‌వి, అవి విరిగి చైన్ జారితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది! మెటల్‌వి వేయించామంటే బిల్లు చూపించమనండి, మాట చాలదు.

2000 ఆగస్టు దాకా తయారైన బండ్లలో సిలిండర్ల లోపలి గోడలకు నికసిల్ అనే నికెల్ పూత ఉండేది, సల్ఫర్ ఎక్కువున్న అప్పటి పెట్రోలుకి అది దెబ్బతినేది, కాబట్టి కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగా నిలుస్తోందా అని చూసే పరీక్ష) తప్పనిసరి.

గేర్‌బాక్స్ ఆయిల్ మార్చారా? వెనక చక్రాల ఆర్చుల్లో తుప్పుందా?

ఎంఓటీ (బ్రిటన్‌లో బండ్లకు ఏటా చేసే తనిఖీ) చరిత్ర ప్రభుత్వ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, బయల్దేరే ముందే చదవండి, తుప్పు గురించి ఏళ్ల తరబడి రాస్తూనే ఉంటే ఆ బండి వదిలేయండి.