పల్లపు ఒండ్రు పొలంలోని బంక గరప నేలను పరీక్షించి వర్గీకరించే విధానం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేటి వైపు వాలిన పల్లపు పొలాల్లో, వరదలు తెచ్చి పరిచిన ఒండ్రు మీద, వాన వెలిసి వారం దాటినా మడిలో నీరు తీయని చోట్లు చాలా ఉన్నాయి. ఆ నీటిని చూసి మురుగు నేల అని తేల్చేయడం సులువే కాని, నేలను వర్గీకరించవలసినవారికి ఆ తీర్పు చాలదు. మురుగు కాలువ పూడినా, గట్టు ఎత్తుగా ఉన్నా, దమ్ము వల్ల అడుగున గట్టి పొర ఏర్పడినా, భూమిలోని నీటి మట్టమే పైకి వచ్చినా మడిలో నీరు ఒకేలా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు, మామూలు రోజుల్లో నీరు చక్కగా ఇంకే నేలలు కూడా మునిగాయి. అంతమాత్రాన అవి మురుగు నేలలు కాలేదు. ఏళ్ల తరబడి నేల ఎంత లోతున నీటిలో నానిందో లోపలి పొరల రంగు చెబుతుంది. ఆ నీరు పై నుంచి దిగిందా, కింది నుంచి ఎక్కిందా అన్నది కూడా అక్కడే తేలాలి. ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరకనిదే నేలకు పేరు సరిగా పెట్టలేము, మురుగు తీసే పద్ధతినీ ఎంచుకోలేము.

గొయ్యి తీయడానికి అనువైన కాలం దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి, కాలువలు కట్టేసిన వేసవి. గట్టుకు, బోదెకు, గడ్డివామి వేసే చోటికి, కాలువ పూడిక తీసి పోసిన చోటికి దూరంగా, చేను మధ్యలో స్థలం ఎంచుకోవాలి. మెరక కొట్టి పల్లం పూడ్చిన భాగం ఏదో పొలం దున్నేవారిని ముందే అడిగి తెలుసుకుంటే ఒక రోజు శ్రమ మిగులుతుంది. పూడ్చిన మట్టిని చూసి ఒండ్రు పొరలని రాసుకున్న నివేదికలు తక్కువేమీ కావు. మీటరు వెడల్పున, మీటరున్నర పొడవున, మీటరున్నర లోతున తవ్వి, ఎండ నేరుగా పడే గోడను పరీక్షకు ఉంచుకోవాలి. ఆ వైపు గట్టును తొక్కకూడదు, మట్టి పోయకూడదు. పైమట్టిని ఒక పక్క, అడుగుమట్టిని మరో పక్క వేయాలి. తవ్వుతుండగా ఊట కనిపిస్తే ఎంత లోతున మొదలైందో అప్పుడే రాసుకుని, నీరు ఒక మట్టానికి వచ్చి నిలిచాక మళ్లీ కొలిచి, తరువాతే తోడాలి.

పార నొక్కిన చోట మట్టి నునుపుగా అలికినట్లవుతుంది కాబట్టి, గోడను కత్తి మొనతో పెళ్లలు పెళ్లలుగా ఊడదీసి సహజమైన ముఖాన్ని బయటపెట్టాలి. ఏళ్ల తరబడి వరి పండిన పొలంలో పైన దమ్ము చేసిన మెత్తటి పొర, దాని కింద సుమారు 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య పలకలు పలకలుగా విరిగే గట్టి పొర, ఆ కింద తుప్పు మరకలున్న బూడిద రంగు పొర, ఇంకా కింద మరకలు తగ్గి నీలిబూడిదకు తిరిగే పొర ఉండటం మామూలు. పొరల హద్దులు గుర్తుపెట్టి, ప్రతి పొరకూ లోతు, రంగు, మరకలు, మట్టి పోత (ఇసుక, ఒండ్రు, బంక రేణువుల పాళ్లు), పెళ్లల ఆకారం, వేళ్లు, సున్నపు గుళ్లు వరుసగా నమోదు చేయాలి.

మట్టి పోతను ముందు చేతితో చూడాలి. ముద్దను తడిపి, బాగా పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా నొక్కుతూ సాగదీస్తే, అది తెగకముందు రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్ల వరకు వస్తే బంక గరప, అయిదు దాటితే బంకమట్టి అని స్థూలంగా చెప్పవచ్చు. అరచేతిలో మరింత నీరు పోసి రుద్దినప్పుడు గరుకుదనం దాదాపు లేకుండా పిండిలా జారితే అది సిల్టు, అంటే ఇసుక కన్నా సన్నని, బంక కన్నా ముతక రేణువుల పాళ్లు ఎక్కువైన రకం. ప్రయోగశాల లెక్కలో బంక గరప అంటే 0.002 మిల్లీమీటర్ల కన్నా సన్నని బంక రేణువులు 27 నుంచి 40 శాతం, ఇసుక 20 నుంచి 45 శాతం ఉన్న మట్టి. ఈ 27, 40 అంకెలను గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే వర్గీకరణలో కింది మెట్టైన కుటుంబ స్థాయి గీత సరిగ్గా వాటి నడుమ, 35 శాతం దగ్గర పడుతుంది. ఒకే పేరుతో పిలిచే రెండు పొలాలు ఆ గీతకు చెరో పక్కన ఉండవచ్చు.

అన్నిటికన్నా ఓపికగా చూడవలసింది రంగు. నేలలో గాలి ఉన్నంతకాలం ఇనుము తుప్పు రూపంలో రేణువులను పూతలా అంటిపెట్టుకుని ఎరుపు, గోధుమ రంగులిస్తుంది. నీరు నిండి గాలి పోయాక, కుళ్లే సేంద్రియ పదార్థాన్ని తింటున్న సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కు బదులు ఆ ఇనుమును వాడుకుంటాయి. అది కరిగి కదిలిపోతుంది, కింద మట్టి అసలు బూడిద రంగు బయటపడుతుంది. కరిగిన ఇనుము గాలి తగిలిన చోట, అంటే పాత వేళ్ల దారుల్లో, పగుళ్ల అంచుల్లో, మళ్లీ తుప్పుగా పేరుకుంటుంది. వరి వేరు తన చుట్టూ కొంత ఆక్సిజన్‌ను వదులుతుంది కనుక, ఆ వేరు పోయిన తరువాత కూడా నారింజ రంగు గొట్టం లాంటి మరక మిగులుతుంది. కాబట్టి బూడిద రంగు మట్టిలో నారింజ మరకలు అంటే కొంతకాలం నీరు, కొంతకాలం గాలి అని. మరకలే లేని నీలిబూడిద అంటే ఏడాదిలో అత్యధిక కాలం నీరే అని చదువుకోవాలి.

రంగును మాటల్లో కాక, రంగు నమూనాలకు అంకెలిచ్చే మున్సెల్ రంగుల పుస్తకంతో పోల్చి, తడి మట్టి మీద, ఎండ బాగా ఉన్న వేళ, నల్లద్దాలు లేకుండా చూసి రాయాలి. ఉదాహరణకు 10 వై.ఆర్. 4/1 అని రాస్తే చివరి అంకె రంగు గాఢతను చెబుతుంది. అది 2 లేదా అంతకన్నా తక్కువై, తుప్పు మరకలు కూడా ఉంటే, నీట నానిన గుర్తు బలంగా ఉన్నట్లు. నీలిబూడిద పెళ్ల గాలి తగిలిన కొద్దిసేపట్లోనే గోధుమ వైపు మారవచ్చు, అందుచేత పెళ్ల ఊడదీసిన వెంటనే రాయడం, అరగంట తరువాత మళ్లీ చూడటం రెండూ చేయాలి. మరకల అంచులను భూతద్దంతో చూడటం చాలామంది మానేస్తారు, అది పొరపాటు. అంచు మసకగా చుట్టూ మట్టిలో కలిసిపోతే ఆ మరక ఇప్పటి నీటి వల్ల ఏర్పడుతున్నది. అంచు గీసినట్లు పదునుగా ఉన్న నల్లని, ఎర్రని గుళ్లు పాతకాలపువి కావచ్చు, లేదా నది ఎక్కడి నుంచో మోసుకొచ్చినవి కావచ్చు, వాటిని నేటి మురుగుకు సాక్ష్యంగా తీసుకోకూడదు. అనుమానం మిగిలితే ఆల్ఫా-ఆల్ఫా డైపిరిడిల్ ద్రావణాన్ని అప్పుడే విరిచిన తడి పెళ్ల మీద చల్లాలి. గులాబీ నుంచి ఎరుపు రంగు వస్తే కరిగిన ఇనుము ఆ సమయాన ఉన్నట్లు. ఎండిన వేసవి మట్టిలో రంగు రాకపోయినంత మాత్రాన మురుగు లేదని అనకూడదు. పార తగిలిన ఇనుప రజను వల్ల తప్పుడు ఎరుపు వచ్చే ప్రమాదమూ ఉంది.

నీరు ఎక్కడిది అన్న ప్రశ్నకు వద్దాం. గట్టి పొర పైన బూడిద రంగు, దాని కింద గోధుమ రంగు కనిపిస్తే నీరు పైన నిలిచినదే. లోతుకు పోయేకొద్దీ బూడిద పెరుగుతూ నీలానికి తిరిగితే నీటి మట్టం కింది నుంచి వస్తున్నట్లు. రెండూ కలిసిన పొలాలు డెల్టాలో ఉన్నాయి కనుక రంగుతో ఆగకుండా సార్వాలో (ఖరీఫ్ పంటకాలంలో) రెండు పీవీసీ గొట్టాలు దించి చూడటం మేలు. ఒకదాన్ని గట్టి పొర పై వరకు మాత్రమే, రెండోదాన్ని మీటరు లోతుకు దించి, రెండింటికీ అడుగున మాత్రమే చిల్లులు పెట్టి, చుట్టూ బంకమట్టితో కూరాలి. పొట్టి గొట్టంలో నీరుండి పొడుగు గొట్టం పొడిగా ఉంటే అది పైన నిలిచిన నీరు. వారానికొకసారి మట్టం రాసుకుంటే చాలు. పంటకాలంలో 50 సెంటీమీటర్ల లోపు నీరు తరచుగా ఉండే నేలనే సర్వే పరిభాషలో మురుగు నీరు సరిగా పోని తరగతిలో చేరుస్తారు. ఆ మట్టం ఎక్కువకాలం నేల పైకో, పైపొరలోకో వస్తే అంతకన్నా అధ్వానమైన తరువాతి తరగతి.

సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే పొంగేది సున్నం ఉన్న పొర. ప్రతి పొర నుంచి కిలో మట్టి తీసి ప్రయోగశాలకు పంపి రేణువుల నిష్పత్తి, సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక (పీహెచ్), లవణాల సూచిక, మార్పిడి సోడియం శాతం (బంక రేణువులు పట్టుకున్న లవణ మూలకాల్లో సోడియం వాటా) అడగాలి. కర్బనాన్ని పైపొరకే కాక 125 సెంటీమీటర్ల వరకు అన్ని పొరలకూ చేయించాలి. ఒండ్రు నేల అన్న మాటకు వర్గీకరణలో రుజువు అదే: మామూలు నేలలో లోతుకు పోయేకొద్దీ కర్బనం క్రమంగా తగ్గుతుంది, వరద మేటలున్న నేలలో మధ్యలో పూడిపోయిన పాత పైపొర వల్ల ఒక్కసారి పెరిగి మళ్లీ తగ్గుతుంది, లేదా 125 సెంటీమీటర్ల దగ్గర కూడా 0.2 శాతానికి తగ్గదు.

మన దేశంలో నేల సర్వేలు అనుసరించేది అమెరికా వ్యవసాయ శాఖ 1975లో వెలువరించి, 1999లో సవరించిన సాయిల్ టాక్సానమీ. అందులో నేల పేరు క్రమం, ఉపక్రమం, మహాసముదాయం, ఉపసముదాయం, కుటుంబం అనే మెట్ల మీదుగా దిగుతుంది. దాని సూచికలో, అంటే వరుస పరీక్షల జాబితాలో, పై నుంచి కిందికి నడుస్తూ మొదట సరిపోయిన చోట ఆగాలి. నచ్చిన పేరు దగ్గర కాదు. మన నేలకు మొదటి గట్టి పరీక్ష వెర్టిసోల్. పైనుంచి 50 సెంటీమీటర్ల వరకు బంక 30 శాతానికి తగ్గకుండా, ఏటా నెర్రెలు విచ్చి మూసుకుంటూ, మీటరు లోపు మొదలయ్యే కనీసం 25 సెంటీమీటర్ల పొరలో పెళ్లలు ఒకదానిపై ఒకటి ఒరుసుకుని మెరిసే జారుడు తలాలు ఉంటే అది నల్లరేగడి వర్గమే, మిగతా సూచిక చదవనక్కరలేదు. బంక గరప కొన్నిసార్లు ఈ 30 శాతాన్ని దాటుతుంది కాని, జారుడు తలాలు లేకుంటే ఆ వర్గంలోకి రాదు.

వెర్టిసోల్ కాకపోతే తరువాతి ముఖ్య ప్రశ్న ఇది: అడుగున వరద వేసిన సన్నని పొరలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయా, లేక అవి చెదిరి పెళ్లలు కట్టిన, కనీసం 15 సెంటీమీటర్ల మందమున్న మార్పు చెందిన పొర ఏర్పడిందా? పొరలు అలాగే ఉంటే ఎంటిసోల్ క్రమంలో ఫ్లువాక్వెంట్స్. లంక భూముల్లో, నది ఒడ్డున ఇది సహజం. మార్పు చెందిన పొర ఉండి, 50 సెంటీమీటర్ల లోపు నీట నానిన గుర్తులుంటే ఇన్సెప్టిసోల్ క్రమంలో అక్వెప్ట్స్ ఉపక్రమం. అందులో, తీరానికి దగ్గరి చవుడు పొలంలో పై 50 సెంటీమీటర్లలో సగానికి తక్కువ కాకుండా మార్పిడి సోడియం 15 శాతం చేరితే హాలాక్వెప్ట్స్. అది లేక నీరు పైన నిలిచినదైతే ఎపిఅక్వెప్ట్స్, కింది నుంచి వచ్చినదైతే ఎండోఅక్వెప్ట్స్. గొట్టాలతో పడిన శ్రమ ఇక్కడ ఫలిస్తుంది.

ఉపసముదాయంలో నెర్రెల పరీక్ష ముందు వస్తుంది: అయిదు మిల్లీమీటర్ల వెడల్పున, 30 సెంటీమీటర్ల మందం మేర నెర్రెలు, వాటితోపాటు కొంత మేర జారుడు తలాలు ఉంటే వెర్టిక్. అవి లేక లోతున కర్బనం క్రమం తప్పి ఉంటే ఫ్లువాక్వెంటిక్. రెండూ ఉన్నప్పుడు ముందున్నదే చెల్లుతుంది కాబట్టి, వరద లక్షణాన్ని పేరులో కాక వివరణలో రాయవలసి వస్తుంది.

కుటుంబానికి 25 నుంచి 100 సెంటీమీటర్ల వరకు పొరల మందాన్ని బట్టి సగటు కట్టాలి. బంక 35 నుంచి 60 శాతం లోపైతే ఫైన్. 18 నుంచి 35 లోపైతే, సన్న ఇసుక, అంతకన్నా ముతక రేణువులు కలిపి 15 శాతం ఉంటే ఫైన్-లోమీ, లేకుంటే ఫైన్-సిల్టీ. దక్కను నల్లరాతి భూముల నుంచి వచ్చిన ఒండ్రులో ఉబ్బే బంక ఖనిజం ఎక్కువైతే స్మెక్టిటిక్, ఏ ఒక్కటీ ప్రధానం కాకపోతే మిక్స్‌డ్ అని ప్రయోగశాల చెప్పాలి, ఊహతో రాయరాదు. ఆమ్లానికి పొంగితే కాల్కేరియస్. ఏడాది పొడవునా వేడిగా, పెద్దగా మారకుండా ఉండే కోస్తా డెల్టాల నేల ఉష్ణోగ్రతకు ఐసోహైపర్‌థర్మిక్. ఇలా ఒక పొలానికి ఫైన్, స్మెక్టిటిక్, కాల్కేరియస్, ఐసోహైపర్‌థర్మిక్ వెర్టిక్ ఎండోఅక్వెప్ట్స్ అన్న పేరు వచ్చిందంటే, అందులో ప్రతి మాట వెనుకా గోతిలో చూసిన ఒక గుర్తు ఉండాలి.

ఎండో అని తేలిన పొలానికి పక్క మురుగు కాలువ లోతు పెరిగితే తప్ప నీటి మట్టం దిగదు. ఎపి అని తేలిన దానికి గట్టుకు తూము, చేనులో చాళ్లు చాలు, వరి వేసేవారు గట్టి పొరను పగలగొట్టనక్కరలేదు. కొలతలు, ఫొటోలు పూర్తయ్యాక గొయ్యిని అలా వదిలేయకుండా, అడుగుమట్టిని ముందు, పైమట్టిని చివర వేసి తొక్కి, సార్వా దమ్ముకు ముందే చేను చదును చేసి అప్పగించాలి.